మన రాపూరు నియోజకవర్గం ఏమైందంటే... పిలకాయలకి తాత రాసే ఉత్తరం

పిలకాయలూ,

మొన్న పండక్కి వచ్చినప్పుడు మీ అవ్వ ట్రంకు పెట్టె సర్దుతుంటే నా పాత ఓటరు కార్డు బయటపడింది కదా, లామినేషన్ అంచులు లేచిపోయి, ఫోటోలో నాకు నల్ల మీసం ఉండేది. దాని వెనక శాసనసభ నియోజకవర్గం రాపూరు అని ఉంటే పెద్దోడు ఫోన్లో వెతికి, "తాతా ఇప్పటి లిస్టులో రాపూరు లేదే, కార్డు తప్పా?" అన్నాడు. తప్పు కాదు నాయనా. ఆ రోజు బస్సు టైమైపోయి సగం చెప్పి వదిలేశాను, అప్పటినుంచి మనసులో అదే మెదులుతా ఉంది, అందుకే కూర్చుని రాస్తున్నా.

2004 ఎలక్షన్ దాకా మన నెల్లూరు జిల్లాలో రాపూరు పేరుతోనే ఒక ఎమ్మెల్యే సీటు ఉండేది. 2009లో ఓటెయ్యడానికి పోతే అదే స్కూలు, అదే గది, అదే చింతచెట్టు కింద క్యూ, చేతిలో స్లిప్పు మీద మాత్రం వెంకటగిరి అని ఉంది. నా ముందు నిలబడిన ముసలామె ఆ స్లిప్పు పట్టుకుని "మాది రాపూరు అబ్బయా, వెంకటగిరి వాళ్ళ ఓటు నాకెందుకిచ్చినారు" అని గట్టిగా అడిగింది, అక్కడున్న సిబ్బంది ఓపిగ్గానే చెప్పినారు గానీ ఆమెకి నచ్చలేదు. నిజం చెప్పాలంటే నాకూ నచ్చలేదు. మా నాయన కాలం నుంచి మాది రాపూరే అనుకున్నవాళ్ళం కదా.

ఎందుకు పోయిందో ఇప్పుడు లెక్క చెప్తా, కాగితం తెచ్చుకోండి. అసెంబ్లీ సీట్ల గీతలు జనాభాని బట్టి గీస్తారు, ఒక్కో ఎమ్మెల్యే కిందకి ఇంచుమించు సమానంగా జనం రావాలి. 1978 నుంచి 2004 దాకా మనం ఓట్లేసిన గీతలు 1971 జనాభా లెక్కల మీద గీసినవి. మధ్యలో ముప్ఫై ఏళ్ళు వాటిని ఎవరూ ముట్టుకోలేదు, 1976లో రాజ్యాంగం సవరించి సీట్లు మార్చకుండా ఆపేసినారు, జనాభా తగ్గించుకున్న రాష్ట్రాలకి సీట్లు తగ్గి నష్టం రాకూడదని. ఆ ముప్ఫై ఏళ్ళలో జనం మాత్రం ఊరుకోరు కదా, పనుల కోసం హైదరాబాదుకి, ఇంకా పెద్ద ఊర్లకి పోయినారు, మన మెట్ట పల్లెలు అట్లనే ఉండిపోయినాయి.

తర్వాత 2002లో చట్టం చేసి జస్టిస్ కుల్‌దీప్ సింగ్ గారి అధ్యక్షతన డీలిమిటేషన్ కమిషన్, అంటే ఈ సీట్ల గీతలు మళ్ళీ గీసే కమిషన్, వేసినారు. వాళ్ళు 2001 లెక్కలు తీసుకున్నారు. అప్పుడు తెలంగాణ కూడా కలిసే ఉంది, రాష్ట్రం మొత్తం జనం 7 కోట్ల 62 లక్షలు, సీట్లు 294. భాగించండి, ఒక్కో సీటుకి సుమారు 2 లక్షల 59 వేలు వస్తుంది. నెల్లూరు జిల్లా జనం 26 లక్షల 68 వేలు, దాన్ని మళ్ళీ భాగిస్తే పది చిల్లర. అంతకుముందు మన జిల్లాకి 11 సీట్లు ఉండేవి, 10 అయినాయి. పక్కన ప్రకాశానికి కూడా ఇదే లెక్క, 30 లక్షల 59 వేలకి పన్నెండుకి కొంచెం తక్కువ వస్తుంది, 13 సీట్లు 12 అయినాయి, అక్కడ కంభం, మార్టూరు పోయి ఎర్రగొండపాలెం వచ్చింది.

మన దగ్గర నెల్లూరు టౌను బాగా పెరిగింది కాబట్టి దాన్ని సిటీ, రూరల్ అని రెండు చేసినారు. అంటే ఒకటి పెరిగింది, మొత్తం మీద ఒకటి తగ్గాలి, అందుకే రెండు పేర్లు లేకుండా పోయినాయి, ఒకటి అల్లూరు, ఇంకోటి మన రాపూరు. అల్లూరు మండలం కావలిలో కలిసింది. మన రాపూరు, కలువాయి, సైదాపురం మండలాలు వెంకటగిరిలో పడినాయి, పొదలకూరు సర్వేపల్లి కింద ఉంది. ఎవరో కక్షగట్టి చేసింది కాదు ఇది, లెక్క అట్ల వచ్చింది. అయినా బాధ బాధే, ఎమ్మెల్యేతో పనిపడితే జనం పోవాల్సిన దోవ మారిపోయింది.

ఇంకో సంగతి, ఇది చాలామంది పెద్దోళ్ళకి కూడా తెలీదు. జిల్లా గీత వేరు, నియోజకవర్గం గీత వేరు. జిల్లాలు రాష్ట్ర ప్రభుత్వం మార్చుకోవచ్చు, ఎమ్మెల్యే, ఎంపీ సీట్ల గీతలు మాత్రం కమిషనే గియ్యాలి, అది గీసిందాన్ని మామూలుగా కోర్టులో కూడా ప్రశ్నించడానికి లేదు. 2008లో గీసేటప్పుడు ఒక నియోజకవర్గం ఒకే జిల్లాలో ఉండేట్టు చూసినారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు వెంకటగిరి, డక్కిలి, బాలాయపల్లి తిరుపతి జిల్లాకి పోయినాయి, మన మూడు మండలాలు నెల్లూరులో ఉండిపోయినాయి. ముందు మనల్ని కూడా అటే వేస్తారని మాట వస్తే జనం ఒప్పుకోలేదు, నెల్లూరే కావాలన్నారు. అది న్యాయమే అని నేను ఇప్పటికీ అంటా, మన రాకపోకలు, ఆసుపత్రి, కూరగాయలు అమ్ముకునేది అన్నీ నెల్లూరే. దాంతో అప్పుడు ఏమైందంటే కలెక్టరు నెల్లూరులో, ఎమ్మెల్యే సీటు పేరేమో పక్క జిల్లా ఊరిది, ఎంపీ తిరుపతి! కండలేరు డ్యామ్ కట్ట మీద నిలబడితే అంతా ఒకే నేల, ఒకే నీళ్ళు, గీతలు మాత్రం మూడు.

కందుకూరోళ్ళది ఇంకా పెద్ద కథ. మొదట నెల్లూరు జిల్లా, 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా పుడితే అందులోకి, 1972లో ఆ జిల్లాకి టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టినారు, 2009 నుంచి ఎంపీ ఓటు నెల్లూరుకి, 2022లో జిల్లా కూడా మళ్ళీ నెల్లూరు. ఊరు కదల్లేదు, ఇన్ని మారినాయి.

నాకు మిగిలిన బాధ ఒకటుంది. కమిషన్ వాళ్ళు గీతలు ఖాయం చేసేముందు ముసాయిదా అచ్చేసి, అభ్యంతరాలు ఉంటే చెప్పండి అన్నారు, జనం మాట విననూ విన్నారు. పేపర్లో చూసినాను నేను. మన ఊరి నుంచి ఒక్క కాగితం పోలేదు, మిరప కోతలు, పెళ్ళిళ్ళు అని ఊరుకున్నాం. రాసుంటే సీటు నిలిచేదని అనను, లెక్క లెక్కే, కనీసం ఏ మండలం ఎటు కలవాలో మన మాట వాళ్ళ ఫైల్లో ఉండేది.

మళ్ళీ గీతలు మారే కాలం మీ కళ్ళ ముందే వస్తుంది. 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కల దాకా సీట్ల సంఖ్య మార్చకూడదని రాజ్యాంగంలో ఉంది. విభజన చట్టంలో మన ఆంధ్రకి 175 సీట్లని 225 చెయ్యొచ్చని కూడా రాసినారు. పెరిగితే రాపూరు మళ్ళీ వస్తుందా అని అవ్వ రోజూ అడుగుతా ఉంది. జనాభా లెక్కలోళ్ళు ఇంటికొచ్చినప్పుడు ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ సరిగ్గా రాయించమని మీ నాయనకి చెప్పండి.

పెద్దోడా, నీకు పద్దెనిమిది నిండుతాయి కదా, కొత్త ఓటరుగా చేరే ఫారం 6 నింపి ఊర్లో ఓటరు లిస్టు చూసే బీఎల్వోకి ఇవ్వు, ఆన్‌లైన్లో కూడా పెట్టొచ్చు. నీ కార్డు మీద వెంకటగిరి అని వస్తుంది. వచ్చినాక నా కార్డు పక్కన పెట్టి ఒక ఫోటో తీసి పంపు, అవ్వకి చూపిస్తా.

ఇట్లు,
మీ తాత