మటిక్కాయ జిగురూ మైక్రోవేవూ: ‘మహిమ’ వాదం ఎలా పుట్టింది, ఎలా తేలింది

అనంతపురం సంతలో మటిక్కాయ అంటే కూరకే. కోస్తావాళ్లు గోరుచిక్కుడు అంటారు. దాని గింజల నుంచి తీసే గ్వార్ గమ్ అనే జిగురు పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల) ల్యాబుకు చవకైన ముడిసరుకు. దానికి ఆక్రిలమైడ్ అనే రసాయనపు గొలుసులు అంటుకట్టి (దీన్నే గ్రాఫ్టింగ్ అంటారు), మురికినీటిని తేర్చే పదార్థం తయారుచేస్తారు. ఈ పని మైక్రోవేవ్‌లో నిమిషాల్లో అవుతుందని పేపర్లు చెబుతాయి. అదే పద్ధతిని మరో ఓవెన్‌లో చేస్తే ఆ అంకెలు రావు. ఈ చిక్కు పాతదే.

రబ్బరు పరిశ్రమ 1970ల నాటికే మైక్రోవేవ్‌తో రబ్బరును పక్వం చేసేది. ల్యాబుల్లో ఊపు మాత్రం 1986లో వచ్చింది. గెడై, జిగేరె అనే రసాయన శాస్త్రవేత్తల బృందాలు వేర్వేరుగా వంటింటి ఓవెన్‌లో మూత బిగించిన పాత్రలు పెట్టి, గంటల చర్యలను నిమిషాల్లో ముగించాయి. దాంతో వేడికి మించిన మహిమ ఏదో ఉందన్న వాదం లేచింది.

లెక్క అందుకు ఒప్పుకోదు. ఓవెన్ తరంగాల (2.45 గిగాహెర్ట్జ్) ఒక్కో ఫోటాన్, అంటే కాంతి రేణువు, శక్తి సుమారు 0.00001 ఎలక్ట్రాన్ వోల్టు. కార్బన్-కార్బన్ బంధం తెగాలంటే 3.6 ఎలక్ట్రాన్ వోల్టుల దాకా కావాలి. అసలు కారణం మూత. అసిటోనైట్రైల్ అనే ద్రావకం 82 డిగ్రీలకే మరుగుతుంది, బిగించిన గొట్టంలో 140 దాటించవచ్చు. ఆక్సజోలిన్ అనే పదార్థం గొలుసులుగా మారే (పాలిమరీకరణ) వేగం అలా పెరిగిందే. 2009లో రసాయన శాస్త్రవేత్త కాపే బృందం సిలికాన్ కార్బైడ్ గొట్టాలు వాడింది. గొట్టమే మైక్రోవేవ్‌ను పీల్చుకుని వేడెక్కుతుంది, లోపలి ద్రవానికి తరంగాలు దాదాపు చేరవు. అయినా చాలా చర్యల ఫలితం మారలేదు. అంటే పని చేసింది వేడే. పైగా వేడిని కొలిచే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ చూసేది పాత్ర గోడనే. లోపలి వేడి తెలియాలంటే ఫైబర్ ఆప్టిక్ ప్రోబ్ ఉండాలి.

ఇక మన గ్వార్ గమ్ బీకరు. 1 గ్రాము గమ్‌ను 40 మి.లీ. నీటిలో కొద్దికొద్దిగా చల్లుతూ కలపాలి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండల లోపలికి మోనోమర్ (గొలుసుగా మారాల్సిన ఆక్రిలమైడ్) వెళ్లదు. 10 మి.లీ. నీటిలో ఆక్రిలమైడ్, ఆపై చర్యను మొదలుపెట్టే సీరిక్ అమోనియం నైట్రేట్ చేర్చి, మైక్రోవేవ్‌లో పెట్టాలి. ద్రవం 65 డిగ్రీలు తాకగానే ఆపి, బీకరును చన్నీళ్లలో పెట్టాలి. జెల్ కట్టేదాకా ఇదే వరుస. మరగనిస్తే గమ్‌కు అంటని ఉత్త పాలీఆక్రిలమైడ్ పెరుగుతుంది. దాన్ని ఫార్మమైడ్-అసిటిక్ ఆమ్లం 1:1 మిశ్రమంతో కడిగేయకుండా తూకం వేస్తే గ్రాఫ్టింగ్ శాతం (గమ్‌కు ఎంత అంటుకుందన్న లెక్క) అబద్ధమే.

వంటింటి ఓవెన్‌లో ‘సగం పవర్’ కూడా మోసమే. చాలా మోడళ్లు పూర్తి పవర్‌నే ఆపి ఆపి ఇస్తాయి. ఆక్రిలమైడ్ నరాలకు విషం: గ్లవ్స్ తప్పవు, ఆ ఓవెన్‌లో మళ్లీ టీ కాచకూడదు. జెల్‌ను నీటి నుంచి ముద్దగా విడదీసే (అవక్షేపించే) అసిటోన్‌కు మంట అంటుకుంటుంది, దాన్ని ఓవెన్ దరిదాపుల్లో ఉంచకూడదు.