రెబ్బే గడ్డానికి గులాబీ రంగా? పాప్ ఆర్ట్ పోర్ట్రెయిట్లపై అపోహలు - వాస్తవాలు

విజయవాడలో శుభలేఖలు అచ్చేసే షాపులో స్క్రీన్ ప్రింటింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు న్యూజెర్సీలో ఉంటూ, బ్రూక్లిన్ నుంచి వచ్చే ఆర్డర్లకు పాప్ ఆర్ట్ పోర్ట్రెయిట్లు, అంటే పోస్టర్లలా గాఢమైన రంగుల్లో ముఖాలు, వేస్తున్నాను. వాటిలో ఎక్కువసార్లు వేసిన ముఖం ఒకటే. నల్ల టోపీ, తెల్ల గడ్డం, సూటిగా చూసే నీలి కళ్లు. వాట్సాప్ స్టేటస్ పెట్టినప్పుడల్లా మా బావమరిది "ఈ తాత మళ్లీ వచ్చాడేంటి బావా?" అంటాడు.

ఆయన మెనాహెమ్ మెండెల్ ష్నీర్సన్. ఛబాద్-లుబావిచ్ అనే యూదు శాఖకు ఏడో గురువు. గురువు చుట్టూ నడిచే హసీదిక్ అనే సనాతన యూదు సంప్రదాయంలో అదొక శాఖ. అనుచరులు "రెబ్బే" అంటే చాలు, ఇంకో పేరు అక్కర్లేదు. 1902లో ఇప్పటి యుక్రెయిన్‌లోని మికోలాయివ్‌లో పుట్టారు. బెర్లిన్, పారిస్‌లలో చదువుకున్నారు. నాజీల బారి నుంచి తప్పించుకుని 1941లో న్యూయార్క్ చేరారు. 1951 నుంచి 1994లో కన్నుమూసేదాకా శాఖ పెద్దగా ఉన్నారు. బ్రూక్లిన్‌లోని క్రౌన్ హైట్స్‌లో 770 ఈస్టర్న్ పార్క్‌వే అనే ఎర్ర ఇటుకల భవనమే ఆయన స్థానం. 2008 దాడుల్లో ఉగ్రవాదులు చొరబడిన ముంబై నారిమన్ హౌస్ గుర్తుందా? అది ఈ ఛబాద్ వాళ్ల కేంద్రమే.

బావమరిదితో పాటు చాలామంది అడిగే ప్రశ్నలకు ఒకేచోట జవాబు రాసేస్తే నాకూ పని తగ్గుతుంది.

అపోహ: యూదులకు మనిషి బొమ్మే నిషేధం, మరి నీ దగ్గర ఎవరు కొంటారు?

ఇందులో సగం నిజం ఉంది. పది ఆజ్ఞల్లో ప్రతిమలు చెక్కవద్దని గట్టిగానే చెప్పారు. కానీ ఆ ఆజ్ఞ రోజువారీ జీవితంలో ఎంతవరకు వర్తిస్తుందో విడమర్చిన పుస్తకం ఒకటుంది. 16వ శతాబ్దంలో జోసెఫ్ కారో అనే యూదు పండితుడు రాసిన షుల్హాన్ ఆరూఖ్. ఉబ్బెత్తుగా మలిచిన మనిషి రూపం వేరు, చదునుగా గీసిన బొమ్మ వేరు అంటుందది. మొదటిది కూడదు, రెండోదానికి అడ్డులేదు. సిరియాలోని దురా యూరోపస్‌లో తవ్వకాల్లో బయటపడ్డ 3వ శతాబ్దపు యూదు ప్రార్థనాలయం గోడల నిండా మోషే లాంటి మనుషుల బొమ్మలే ఉన్నాయి.

ఈ ఉబ్బెత్తు సంగతి నాకు పుస్తకం చదివితే తెలియలేదు, ఆర్డర్ పోతే తెలిసింది. గడ్డం బాగా కనబడాలని ఓసారి జెల్ కలిపి రంగును మందంగా ఎత్తి వేశాను. కొనడానికి వచ్చినాయన వేలితో తడిమి చూసి, "చదునుగా ఉన్నది లేదా?" అన్నాడు. అప్పటి నుంచి రంగు ఎంత గాఢమైనా సరే, చేయి పెడితే కాగితమే తగలాలి.

ఇక రెబ్బే సంగతి. ఆయన కళాకారులను ఆపలేదు సరికదా, వెన్నుతట్టారు. రెండో ప్రపంచ యుద్ధంలో భార్యాపిల్లలను పోగొట్టుకున్న హెండెల్ లీబర్‌మన్ అనే చిత్రకారుణ్ణి బొమ్మలు వేయడం మానొద్దని ప్రోత్సహించింది ఆయనే.

అపోహ: అది వాళ్ల దేవుడి పటం.

మన ఇళ్లలో గురువుగారి ఫొటోకు దండ, అగరొత్తి ఉంటాయి కాబట్టి అక్కడా అంతే అనుకుంటాం. కాదు. ఛబాద్ ఇళ్లలో రెబ్బే ఫొటో హాల్లోనో, భోజనాల బల్ల దగ్గరో, పిల్లల గదిలోనో ఉంటుంది. ఆ ఇంటి పెద్దాయన ఫొటో అన్నట్టే. దానికి పూజ ఉండదు. బొమ్మలకు ఎదురుగా నిలబడి ప్రార్థన చేయకూడదని ఇందాక చెప్పిన పుస్తకంలోనే ఉంది. అందుకే ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఏ గోడకు పెడతారో ముందే అడుగుతాను. ఆ గోడ వైపు తిరిగి ప్రార్థించే అలవాటుంటే వాళ్లే ఇంకో గోడ చూసుకుంటారు, దాన్నిబట్టి సైజు మారుతుంది.

అపోహ: పాప్ ఆర్ట్ అంటే వెటకారం, గురువుకు ఆ రంగులు వేయడం అగౌరవం.

పాప్ ఆర్ట్ అనగానే సూప్ డబ్బాలు, మార్లిన్ మన్రో గుర్తొస్తారు, అందుకే ఈ అనుమానం. కానీ ఆ బొమ్మలు వేసిన అమెరికన్ కళాకారుడు ఆండీ వార్హోల్ చిన్నప్పటి నుంచి పిట్స్‌బర్గ్‌లో బైజాంటిన్ కాథలిక్ చర్చికి వెళ్లేవాడు. పీఠం ముందు గోడంతా సాధువుల పటాలుండే చర్చి అది. 1980లో ఆయనే 20వ శతాబ్దపు యూదు ప్రముఖుల పోర్ట్రెయిట్లు పది వరసగా వేశాడు. ఐన్‌స్టీన్, ఫ్రాయిడ్, కాఫ్కాల పక్కన మార్టిన్ బూబర్ కూడా ఉన్నాడు. హసీదిక్ గురువుల కథలు సేకరించి ప్రపంచానికి చెప్పిన మనిషి బూబర్. ఆ బొమ్మలు వట్టి వ్యాపారమని అప్పట్లో కొందరు విమర్శకులు తిట్టిపోశారు. ఇప్పుడవి మ్యూజియంలలో ఉన్నాయి.

నా అనుభవంలో గులాబీ ముఖం, ఆకుపచ్చ నీడ, నారింజ నేపథ్యం దేనికీ ఎవరూ మొహం చిట్లించలేదు. చిక్కు వచ్చింది పసుపుతోనే. మొదట్లో ఓ ప్రింటుకు నిమ్మపండు పసుపు నేపథ్యం వేసి, పైన నీలం గీతలు పెట్టాను. చూసినాయన కాసేపు ఆగి, "నువ్వు ఏ వర్గం?" అన్నాడు. నాకేం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది. రెబ్బేయే మెస్సయ్య, అంటే యూదులు ఎదురుచూసే రక్షకుడు, అని నమ్మేవాళ్ల జెండా పసుపుది, దానిమీద నీలి కిరీటం. ఛబాద్‌లోనే దీన్ని ఒప్పుకోనివాళ్లు చాలామంది. మన దగ్గర జెండా రంగు చొక్కా వేసుకుని ఎన్నికల రోజు పోలింగ్ బూత్‌కు వెళ్లినట్టయింది నా పని. ఇప్పుడు పసుపు కావాలంటే కస్టమర్ నోటితో అడగాల్సిందే.

అపోహ: ఫోన్‌లో ఫిల్టర్ ఉందిగా, ఒక్క నొక్కుతో అయిపోతుంది.

నొక్కి చూడండి. ఫిల్టర్ చేసేది వెలుగునీడలను నాలుగైదు మెట్లుగా విడగొట్టడమే. టోపీ అంచు నీడ సరిగ్గా కళ్ల మీద పడుతుంది, కాబట్టి కళ్లు, కనుబొమలు, టోపీ అన్నీ కలిసి ఒకే నల్ల ముద్ద. కింద తెల్ల గడ్డం, తెల్ల చొక్కా కలిసి ఒకే తెల్ల ముద్ద. మధ్యలో మిగిలేది ముక్కు. ఈయన్ని ఈయనగా గుర్తుపట్టించేవి టోపీ వంపు, కళ్లు, గడ్డం ముగిసే గీత. ఫిల్టర్ మింగేసేది ఆ మూడింటినే.

అందుకే నేను కళ్లను, గడ్డాన్ని, టోపీని మూడు వేర్వేరు ముక్కలుగా చూసుకుంటాను. కళ్ల దగ్గర నీడను చేత్తో తేలిక చేస్తాను. గడ్డంలో వెంట్రుకలు లెక్కపెట్టి గీయను. మూడే మెట్లు: కాగితం తెలుపు, ఒక లేతరంగు, ఒక ముదురు. చొక్కాకు గడ్డానికి మధ్య కోటు నలుపు కాస్త తొంగిచూసేలా ఉన్న ఫొటోనే ఎంచుకుంటాను. తర్వాతే స్క్రీన్ పని. 230 మెష్ (అంగుళానికి అన్ని దారాల జాలి), 45 లైన్ల హాఫ్‌టోన్ (అంగుళానికి అన్ని వరసల చుక్కలు), ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్. లేత రంగులు ముందు, నలుపు ఆఖర్న. ఒక్క స్క్రీన్ అర మిల్లీమీటర్ జరిగితే కనుపాప బయటికొచ్చి మెల్లకన్ను అయిపోతుంది. శుభలేఖలో వినాయకుడి తొండం పక్కకు జరిగినా ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఇక్కడ పట్టించుకుంటారు.

ఏఐకి అప్పగిస్తే ఇంకో తంటా. హసీదిక్ అనగానే బొచ్చు టోపీ, చెంపల మీద వేలాడే ఉంగరాల జుట్టు పెట్టేస్తుంది. అది వేరే హసీదిక్ శాఖల వేషం. ఈయన పెట్టుకున్నది మామూలు ఫెడోరా, అంటే చుట్టూ అంచున్న మెత్తటి టోపీ.

అద్దంలోలా తిప్పేయడం ఇంకా పెద్ద తప్పు. ఒకే ముఖాన్ని ఎడమకూ కుడికీ తిప్పి జంటగా పెట్టడం పాప్ ఆర్ట్‌లో మామూలే, నేనూ చేశాను. ఓ ముసలాయన చూడగానే, "ఈ కోటు ఎవరు కుట్టారు?" అన్నాడు. హసీదిక్ మగవాళ్లు కోటు కుడి అంచు పైకి వచ్చేలా గుండీలు పెట్టుకుంటారట. తిప్పిన బొమ్మలో ఎడమ అంచు పైకొచ్చింది. ముప్ఫై ప్రింట్లు మూలన పడ్డాయి, వాటి వెనకవైపు మా అమ్మాయి ఇప్పటికీ లెక్కలు చేసుకుంటోంది.

అపోహ: నెట్‌లో దొరికిన ఫొటోకు రంగులేస్తే అది మన సొంతమే.

1986 నుంచి 1992 దాకా ఆదివారాల్లో రెబ్బే వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక డాలర్ నోటు పెట్టి, దానధర్మానికి వాడమనేవారు. ఆ వరసల ఫొటోలే బోలెడు. చూస్తే అందరి సొత్తులా అనిపిస్తాయి గానీ, తీసిన ఫొటోగ్రాఫర్‌కు హక్కులుంటాయి. దీనిమీద పాప్ ఆర్ట్ లోకమంతా వణికిన తీర్పు 2023 మేలో వచ్చింది. గాయకుడు ప్రిన్స్‌ను లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో తీసిన ఫొటో ఆధారంగా వార్హోల్ బొమ్మలు వేశాడు. ప్రిన్స్ చనిపోయాక 2016లో ఆ బొమ్మల్లో ఒకదాన్ని ఓ పత్రిక వాడుకుని, వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు ఇచ్చింది. ఫొటో తీసినామెకు పైసా రాలేదు. అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆమె పక్షాన నిలిచింది. వార్హోల్‌కే లేని మినహాయింపు నాకెక్కడిది? ముందు అనుమతి తీసుకుంటాను, డబ్బు కడతాను, ఆ ఖర్చు ధరలో కలుపుతాను. "ఇంత రేటా?" అనేవాళ్లకు సగం జవాబు ఇదే.

అపోహ: యూదులు కానివాళ్లు వేస్తే కొనరు.

కొంటారు. శుక్రవారం పొద్దు గుంకాక ఫోన్ చేయకుండా ఉంటే చాలు. అది వాళ్ల విశ్రాంతి దినం, శనివారం చీకటి పడేదాకా ఫోన్ ముట్టుకోరు.

నలుపు ఆరాక ఆఖరి పని ఒకటుంటుంది. రెండు కళ్లలో మెరుపుకు రెండు తెల్ల చుక్కలు, సన్న కుంచెతో, చేత్తో. అవి పడేదాకా ముఖం నిద్రపోతున్నట్టే ఉంటుంది. వీడియో కాల్‌లో చూస్తున్న మా నాన్న, "విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినట్టుందిరా" అన్నారు.

"నాన్నా, ఆ మాట ఇక్కడ మాత్రం అనకండి" అని స్పీకర్ ఆపేశాను. కస్టమర్ పక్కగదిలోనే ఉన్నాడు.