పెంకులోనే ఎముకలు

చిన్నీ, బంటీ,

మీ ఉత్తరం అందింది. "తాతయ్యా, ఆ ఫొటోలో విమానం చెక్కదట, విరిగిపోలేదా?" అని చిన్నీ అడిగింది. విరగలేదమ్మా. 1913 సెప్టెంబరు 29న ఫ్రాన్సులోని రీమ్స్‌లో మారిస్ ప్రెవో దాంట్లో 200 కిలోమీటర్లు గంటలోపే చుట్టేశాడు. ఆ రోజు దాని అత్యధిక వేగం గంటకు 203 కిలోమీటర్లు దాటింది. ఒక్క మనిషి పట్టే, ఒకే జత రెక్కలున్న ఆ విమానం పేరు డెపెర్డుసిన్ మోనోకాక్. దాన్ని రూపొందించింది లూయీ బెషెరో.

అప్పటి విమానాలు చాలావరకు మన గాలిపటం లాంటివే. పుల్లల చట్రం కట్టి, తీగలతో బిగించి, పైన గుడ్డ వేసేవారు. బరువంతా మోసేది పుల్లలూ తీగలే. గుడ్డ ఉత్త ముసుగు. బెషెరో మాత్రం బిందె దారి పట్టాడు.

ఎలాగంటే, ఒక బిందె బోర్లించండి. పాత పేపరు చీలికలు మైదా జిగురులో ముంచి, బిందె పొట్ట దాకా మాత్రమే, నిలువుగా ఒక వరస అతికించండి. దానిమీద అడ్డంగా ఒక వరస, మళ్లీ నిలువుగా ఇంకోటి. ఆరాక బిందె తీసేస్తే లోపల ఒక్క పుల్ల లేకుండా డొప్ప నిలబడుతుంది. అక్కడ బిందె బదులు విమానం ఒంటి ఆకారంలో అచ్చు, పేపరు బదులు ట్యులిప్‌వుడ్ అనే కలప నుంచి తీసిన పల్చని చెక్క రేకులు. మూడు వరసలూ కలిపినా మందం దాదాపు 4 మిల్లీమీటర్లే! లోపలా బయటా గుడ్డ అంటించి వార్నిష్ పూశారు. ఒంటిని రెండు సగాలుగా చేసి కలిపారు, పూర్తి ఒళ్లయితే అచ్చు మీంచి ఊడి రాదు కదా. మోనోకాక్ అంటే ఒకే పెంకు.

అడ్డంగా ఎందుకంటారా? చెక్కకు నార ఉంటుంది. నార వెంట లాగితే గట్టిది, నారకు అడ్డంగా లాగితే కొబ్బరి మట్టలా చీలిపోతుంది. ఒక వరస చీలబోతే దానిమీది వరస పట్టుకుంటుంది. అయితే వరసల మధ్య గాలి బుడగ మిగిలిందో, జిగురు ఆరకముందే అచ్చు తీశారో, అక్కడ పొర లేస్తుంది. మీ డొప్పలోనూ అంతే, వేలితో గట్టిగా రుద్దండి.

పెంకు నున్నగా, గుండ్రంగా ఉంటే గాలి జారిపోతుంది. ముక్కుకు గిన్నెలాంటి పెద్ద మూత కూడా పెట్టారు.

దాని వెనక నోమ్ ఇంజను, రెండు వరసల్లో 14 సిలిండర్లు, 160 గుర్రాల శక్తి. విచిత్రమేమిటంటే ఇరుసు కదలదు, ఇంజనంతా ఫ్యానుతోబాటు గిర్రున తిరుగుతుంది! లోపలి భాగాలు రాసుకుని అరిగిపోకుండా అందులో పోసే నూనె మన నల్గొండ వైపు చేలల్లో పండే ఆముదమే. పెట్రోలు ఆవిరి ఇంజను కడుపులోంచే వెళ్లాలి. మామూలు నూనెను పెట్రోలు కరిగించి పల్చన చేసేస్తుంది, ఆముదం అంత సులువుగా కలవదు. వాడిన ఆముదం బయటికి చిమ్మేది, ఆ పొగా తుంపరా పైలట్ ముక్కులోకి, నోట్లోకి. మా రోజుల్లో పిల్లలకు పరగడుపున తాగించేవారు, అది ఏం చేస్తుందో నానమ్మనడగండి.

వేగానికి ఖరీదూ ఉంది. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 6.65 మీటర్లే, బరువు దాదాపు 610 కిలోలు. చిన్న రెక్కలు నెమ్మదిగా పోతే బరువు మోయలేవు, అందుకే దిగేటప్పుడూ జోరుగానే దిగాలి. అంత ఇంజను గిర్రున తిరుగుతోంది గనక ఒక వైపు మలిపితే ముక్కు కిందికి, రెండో వైపు మలిపితే పైకి పోతుంది. పక్కకు వాల్చడానికి పైలట్ చక్రం తిప్పితే తీగలు రెక్కనే మెలిపెట్టేవి. తీగ సడలితే చక్రం తిరుగుతుంది గానీ రెక్క సరిగ్గా మెలిపడదు. అందుకే ఎగిరే ముందు తీగలన్నీ లాగి చూడాలి.

పారిస్ దగ్గర లె బుర్జె మ్యూజియంలో ఇలాంటిది ఒకటి ఉంది. అంత దూరం ఎందుకు, ముందు డొప్ప చేయండి. ఎండలో కాదు, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. ఆరాక అడుగు మీద బొటనవేలితో నొక్కండి, తర్వాత అంచు మీద నొక్కండి. ఆపైన పక్కన గుండ్రంగా ఒక కన్నం కోసి, దాని చుట్టూ నొక్కండి. పైలట్ కూర్చునే చోట పెంకుకు అలాంటి కన్నమే కోయాలి మరి. అక్కడ మీరైతే ఏం అతికిస్తారో బొమ్మ గీసి పంపండి.

మీ తాతయ్య