ట్రిప్టోఫాన్‌కు నీళ్లు పడతాయా?

పలమనేరు పక్కన మా ఊళ్లో పొద్దున ఆరింటికే పాలకేంద్రం ముందు క్యాన్లు వరస కట్టేవి. పాలు పోసినవాళ్లకు చివర్లో ఒక చీటీ ఇస్తారు. లీటర్లెన్ని, ఫ్యాట్ ఎంత, ఎస్ఎన్‌ఎఫ్ (కొవ్వు పోను పాలలో మిగిలే ఘనపదార్థం) ఎంత, డబ్బులెంత. మా అవ్వకు చదువు రాదు గానీ ఫ్యాట్ అంకెను మాత్రం చూడగానే గుర్తుపట్టేది. ఒకరోజు 4.1 వచ్చిన ఆవుపాలకే మర్నాడు 3.6 వచ్చింది. "ఆవు అదే, గడ్డీ అదే. నంబరు యాడ మారిందిరా అబ్బోడా?" అని నన్ను నిలదీసింది. శాంపిల్ సరిగ్గా కలిపి ఉండరులే అని ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఆ తర్వాత తిరుపతిలో ఎమ్మెస్సీ చదువుతున్నప్పుడు మళ్లీ అదే ప్రశ్న ఎదురైంది. ఈసారి పాలు కాదు, ప్రోటీన్లు.

ప్రోటీన్ అంటే 20 రకాల అమైనో ఆమ్లాలు వరసగా అతుక్కున్న గొలుసు. కాగితం మీద ఒక్కోదానికి ఒక్కో ఇంగ్లీషు అక్షరం పెట్టి రాస్తారు. ల్యూసిన్‌కు ఎల్, ఐసోల్యూసిన్‌కు ఐ, ఆస్పార్టిక్ ఆమ్లానికి డి. మొదటి రెండూ దాదాపు కవలలనీ, మూడోదానికీ వాటికీ అస్సలు పొసగదనీ ఆ అక్షరాలను చూస్తే ఏం తెలుస్తుంది? కంప్యూటర్‌కు అసలే తెలియదు. అందుకే అక్షరాన్ని అంకెగా మార్చాలి. పరిమాణం ఎంత, విద్యుదావేశం ఉందా, నీళ్లంటే ఇష్టమా కాదా, స్ప్రింగులా చుట్టుకునే ఆల్ఫా హెలిక్స్‌లో ఇముడుతుందా... ఒక్కో గుణానికి 20 అంకెల పట్టిక ఒకటి తయారవుతుంది.

ఇలాంటి పట్టికలు ఎక్కడెక్కడి జర్నల్స్‌లోనో చెల్లాచెదురుగా ఉండేవి. జపాన్‌లో నకాయ్, కిదెరా, కనెహిసా 1988లో 222 పట్టికలను ఒకచోట చేర్చి, ఏది దేనికి చుట్టమో లెక్కగట్టారు. 1996 నాటికి అవి 402 అయ్యాయి. క్యోటో విశ్వవిద్యాలయం నడిపే ఈ భాండాగారం పేరు ఏఏఇండెక్స్. అందులో ఇప్పుడు 566 పట్టికలున్నాయి. ఒక అమైనో ఆమ్లం స్థానంలో ఇంకోటి వస్తే ఎంత తేడా అని చెప్పే జంట పట్టికలు 94, రెండు అమైనో ఆమ్లాలు దగ్గరైతే ఎంతగా పొసగుతాయో చెప్పేవి 47 వీటికి అదనం.

ఒక పట్టికను తెరిచి చూద్దాం. దాని నంబరు కేవైటీజే820101. అంటే కైట్ జె. 1982లో ప్రచురించినది. కైట్, డూలిటిల్ ఇద్దరూ కలిసి చేసిన పని అది. నీళ్లంటే ఎంత పడకపోతే అంత పెద్ద అంకె. ఐసోల్యూసిన్‌కు 4.5, వాలిన్‌కు 4.2. అటు చివర ఆర్జినిన్‌కు -4.5. పట్టికలో గుణం పేరు, పరిశోధకుల పేర్లు, పేపర్ వివరాలు ఉంటాయి. దీనితో బాగా పోలిన మిగతా పట్టికల జాబితా కూడా ఉంటుంది. నాకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ జాబితానే. చివర్లో రెండు వరసల్లో 20 అంకెలు.

ఆ రెండు వరసల దగ్గరే నేను బోల్తాపడ్డాను. అంకెలు ఉండేది అలనైన్, ఆర్జినిన్, ఆస్పరాజిన్ అంటూ పూర్తి పేర్ల క్రమంలో. నేనేమో ఏ, సి, డి, ఈ అని ఒంటి అక్షరాల క్రమం అనుకుని ఎక్కించేశాను. ఆర్జినిన్ -4.5 పోయి సిస్టీన్‌కు తగిలింది, వాలిన్ 4.2 టైరోసిన్‌కు పడింది. అయినా వారం రోజులు పట్టుబడలేదు. ఎందుకో తర్వాత కూర్చుని చూస్తే నవ్వొచ్చింది. 20లో ఐదు కాకతాళీయంగా సరైన అంకెలే పొందాయి. ఇంకో నాలుగైదు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పూర్తిగా తప్పయితే వెంటనే దొరికేది, సగం తప్పు దొరకదు. కణపొరను దాటే భాగాలను వెతకడానికి 19 అమైనో ఆమ్లాల చొప్పున సగటు తీస్తూ గ్రాఫ్ గీస్తారు. పొరను ఏడుసార్లు దాటే బ్యాక్టీరియోరొడాప్సిన్ అనే ప్రోటీన్‌కు గ్రాఫ్‌లో ఏడు గుట్టలు లెక్కకు రాకపోవడంతో గానీ నాకు అనుమానం రాలేదు.

తప్పు దిద్దుకున్నాక ఇంకో చిక్కు. కైట్-డూలిటిల్ లెక్కలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి -0.9, అంటే కొంచెం నీళ్ల వైపే. ఫోషేర్, ప్లిస్కా 1983లో ఇచ్చిన పట్టికలో మాత్రం ట్రిప్టోఫాన్‌దే మొదటి స్థానం, 2.25. ఐసోల్యూసిన్‌ను కూడా దాటేసింది. "నంబరు యాడ మారిందిరా" అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడ మాత్రం జవాబుంది. ఫోషేర్ బృందం నీళ్లనూ, ఆక్టనాల్ అనే జిడ్డు ద్రవాన్నీ పక్కపక్కన పెట్టి, అమైనో ఆమ్లం ఎటు పోతుందో కొలిచింది. ట్రిప్టోఫాన్‌కున్న పెద్ద జంట వలయం జిడ్డు ద్రవంలోకే జారుకుంటుంది. కైట్-డూలిటిల్ తీసుకున్నది వేరే దారి. నీటి నుంచి ఆవిరిలోకి పోవడానికి ఎంత శక్తి కావాలన్నది ఒకటి, మడతపడిన ప్రోటీన్ లోపల ఎంత తరచుగా దాక్కుంటుందన్నది ఇంకోటి, రెండూ కలిపారు. ట్రిప్టోఫాన్‌లో నీటిని పట్టుకునే ఒక ఎన్-హెచ్ కొస ఉంది. ఆవిరిలో ఆ కొసకు ఆసరా ఉండదు, అందుకే వెళ్లడానికి మొరాయిస్తుంది. రెండు అంకెలూ నిజమే, అడిగిన ప్రశ్నలే వేరు. మన పొరుగున తమిళనాడులో పి.కె. పొన్నుస్వామి బృందం 1980లో మూడో రకంగా అడిగింది. మడతపడిన ప్రోటీన్‌లో ఒక అమైనో ఆమ్లం చుట్టూ 8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉన్న ఇరుగుపొరుగు ఎలాంటివి అని. ఆ పట్టికలూ ఇదే భాండాగారంలో ఉన్నాయి.

ఇన్ని పట్టికలూ కావాలా? అక్కర్లేదు. చాలావరకు ఒకదానికొకటి నకళ్లు. కిదెరా బృందం 1985లోనే 188 గుణాలను పది అంశాలకు కుదించింది. ఇప్పుడైతే ఈఎస్ఎం-2 లాంటి ఏఐ మోడళ్లు కోట్ల ప్రోటీన్లు చదివి అంకెలను తామే తయారు చేసుకుంటున్నాయి. దాని ఒక రకం ఒక్కో అమైనో ఆమ్లానికి 1,280 అంకెలిస్తుంది, అదీ పక్కన ఎవరున్నారో చూసి మరీ. ఫలితాలు బాగుంటాయి. కానీ ఆ 1,280లో ఏ అంకె దేని కొలతో అడిగితే చెప్పే నాథుడు లేడు. చేతిలో నలభై, యాభై పెప్టైడ్‌ల (చిన్న ప్రోటీన్ ముక్కల) డేటా మాత్రమే ఉంటే నేనింకా పాత పట్టికనే తెరుస్తాను.

తిరుపతిలో ఈమధ్య ఏ2 పాలని ఎక్కువ రేటుకు అమ్ముతున్నారు. మూడడుగుల ఎత్తుకు అటూఇటుగా ఉండే మా పుంగనూరు ఆవుకూ ఆ పేరుతో గిరాకీ పెరిగింది. తేడా అంతా బీటా కేసీన్ అనే ప్రోటీన్‌లో, 209 అమైనో ఆమ్లాల్లో ఒక్కచోట. 67వ స్థానంలో ప్రోలీన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. దేశవాళీ ఆవుల్లో ఎక్కువగా ఉండేది ఏ2నే. 67వదానికి ముందున్న ఏడు వరసగా టైరోసిన్, ప్రోలీన్, ఫినైల్‌అలనైన్, ప్రోలీన్, గ్లైసిన్, ప్రోలీన్, ఐసోల్యూసిన్. కైట్-డూలిటిల్ ప్రకారం 67వదాన్నీ కలిపి ఎనిమిదింటి సగటు వేస్తే ఏ2కు -0.1, ఏ1కు -0.3. తేడా లేనట్టే. హెలిక్స్‌లో ఇమిడే గుణం చూడండి, చౌ-ఫాస్మన్ పట్టికలో ప్రోలీన్‌కు 0.57, హిస్టిడిన్‌కు 1.00. అక్కడ తేడా బయటపడుతుంది. ప్రోలీన్ తోక వెనక్కి తిరిగి గొలుసుకే అతుక్కుని ఉంటుంది, హెలిక్స్‌లా చుట్టుకోనివ్వదు. జీర్ణరసాల ఎంజైములకు కూడా ఆ చోట కోయడం కష్టం. హిస్టిడిన్ ఉన్నచోట తెగి, ముందున్న ఆ ఏడింటి ముక్క విడిగా రాగలదు. దానివల్ల ఒంటికి చెరుపా అంటే, 2009లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ అప్పటిదాకా ఉన్న పరిశోధనలన్నీ చూసి, జబ్బులకూ దీనికీ కారణ సంబంధం రుజువు కాలేదని తేల్చింది. పాల ప్యాకెట్ మీద మాత్రం ఈ సంగతి రాయరు.

మా ఊరి కేంద్రంలో 67వ స్థానానికి రేటు లేదు. ఇప్పటికీ చీటీ మీద వచ్చేది ఫ్యాట్, ఎస్ఎన్‌ఎఫ్.