ప్రైవేటు స్కూళ్లు, కాలేజీల్లో ఉద్యోగ చట్టాలు: అపోహలు - వాస్తవాలు

ప్రైవేటు విద్యాసంస్థల సర్వీసు కేసులు చూసే లాయర్‌ని కాబట్టి నాకు రెండు వైపుల నుంచీ ఫోన్లు వస్తాయి. "మాది విద్యాసంస్థ, లేబర్ చట్టాలు మాకు వర్తించవు" అని యాజమాన్యాలు ధీమాగా ఉంటాయి. అదే నిజమనుకుని టీచర్లు తమకు రావాల్సింది అడగకుండానే వదిలేసుకుంటారు. ఈ మూడు నాలుగేళ్లలో చట్టాలూ తీర్పులూ చాలా మారాయి. స్టాఫ్‌రూముల్లో మాత్రం పాత మాటలే తిరుగుతున్నాయి.

అపోహ: టీచర్లకు గ్రాట్యుటీ (ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యాజమాన్యం ఇచ్చే మొత్తం) లేదు. రాజీనామా చేస్తే అసలే లేదు.

ఈ మాటకు ఒక మూలం ఉంది. గ్రాట్యుటీ చట్టం ప్రకారం టీచర్లు ఉద్యోగుల కిందికి రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లోపాన్ని పార్లమెంటు 2009లో సవరించి, సవరణను 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తింపజేసింది. ప్రైవేటు స్కూళ్లు దానిమీదా కోర్టుకెళ్లాయి. 2022 ఆగస్టు 29న ఓడిపోయాయి. సంస్థలో పదిమందికి తగ్గకుండా పనిచేస్తూ, మీ సర్వీసు ఐదేళ్లు నిండితే చాలు, రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఇంకో అడుగు వేశాయి. నిర్ణీత కాలానికి కాంట్రాక్టు మీద తీసుకున్నవాళ్లకు ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ వస్తుంది. జీతం లెక్కా మారింది. ఒక మేడమ్ పే స్లిప్పులో మొత్తం 26,000, అందులో బేసిక్ 6,000, మిగతాదంతా ఇంటి అద్దె, రవాణా అలవెన్సులు అనుకోండి. బేసిక్ మీదే లెక్క కడితే ఒక్కో ఏడాది సర్వీసుకు వచ్చే గ్రాట్యుటీ 3,461 రూపాయలు. ఇప్పుడు అలవెన్సులు మొత్తంలో సగం దాటితే దాటినదాన్ని జీతంలో కలపాలి. అంటే లెక్కకు 13,000 తీసుకోవాలి, దాన్ని నెలకు 26 పనిరోజుల లెక్కన 26తో భాగించి, 15 రోజుల జీతం కాబట్టి 15తో హెచ్చవేయాలి. ఏడాదికి 7,500 అవుతుంది. బేసిక్ తక్కువ చూపించి బయటపడే పాత తెలివి ఇక పనిచేయదు.

ఏప్రిల్‌లో రిలీవ్ చేసి జూన్‌లో మళ్లీ చేర్చుకునే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. సెలవుల పేరుతో పెట్టిన ఆ గ్యాప్ చూపించి సర్వీసు తెగిపోయిందంటే కార్మిక శాఖ అధికారులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అపాయింట్‌మెంట్ ఆర్డర్లు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. నా అనుభవంలో కేసు గెలిచేది, ఓడేది ఆ కాగితాలతోనే.

అపోహ: ఉద్యోగం తీసేస్తే టీచర్ లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు.

ఇది టీచర్ల వైపు అపోహ. టీచర్ 'వర్క్‌మన్' (లేబర్ కోర్టుకెళ్లే హక్కున్న కార్మికుడు) కాదని సుప్రీంకోర్టు 1988లోనే తేల్చింది. డ్రైవరు, ఆయా, క్లర్కుల సంగతి వేరు. అయితే తెలుగు రాష్ట్రాల్లో 1982 నాటి విద్యా చట్టం ఉంది. దాని 79వ సెక్షన్ ప్రకారం విచారణ జరపకుండా ఉద్యోగం నుంచి తీసేయకూడదు. మీ దారి అది.

అపోహ: పిల్లల్ని లైంగికంగా వేధించారని ఫిర్యాదు వస్తే ముందు మన కమిటీలో విచారించాలి.

ఇంత ప్రమాదకరమైన అపోహ మరొకటి లేదు. పనిచేసేచోట మహిళల మీద లైంగిక వేధింపుల్ని అడ్డుకునే 2013 నాటి పాష్ చట్టం కింద, పదిమందికి తగ్గకుండా ఉద్యోగులున్న ప్రతి సంస్థా అంతర్గత కమిటీ వేయాలి. వేయకపోతే 50,000 వరకు జరిమానా. కానీ బాధితులు మైనర్లయితే అది పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు. అనుమానం వచ్చిన వెంటనే పోలీసులకు చెప్పాలి. తన కింద పనిచేసేవాళ్ల మీద ఫిర్యాదును దాచిపెట్టిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడొచ్చు. "స్కూలు పేరు పోతుందండీ" అనే ప్రిన్సిపల్స్‌కి నేను ఈ ఒక్క సెక్షనే చదివి వినిపిస్తాను.

అపోహ: కౌన్సెలర్ పెట్టడం మా ఇష్టం, సెక్షన్లు ఎలా విడగొట్టాలో కూడా మా ఇష్టమే.

విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ చనిపోయిన 17 ఏళ్ల అమ్మాయి కేసులో 2025 జులై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వాలు చట్టం తెచ్చేదాకా అవే చట్టం. వందమంది, అంతకు మించి విద్యార్థులున్నచోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇప్పించాలి. హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు కూడా దీని కిందికే వస్తాయి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు వీలైనంతవరకు విడగొట్టొద్దని కూడా ఉంది. మన ఇంటర్ కాలేజీల వ్యాపారం నడిచేదే టాప్ బ్యాచ్ పేరు మీద కాబట్టి, దీన్ని ఎంతమంది మనసారా పాటిస్తారో నాకు అనుమానమే. తల్లిదండ్రులు అడిగితే తప్ప కదలిక రాదు.

అపోహ: ఇన్నేళ్లు పనిచేస్తానని రాసిచ్చిన బాండు చెల్లదు, చించేయొచ్చు.

తొందరపడకండి. ప్రభుత్వ రంగ బ్యాంకు ఉద్యోగి మూడేళ్లలోపే మానేస్తే 2 లక్షలు కట్టాలన్న షరతును సుప్రీంకోర్టు 2025 మేలో సమర్థించింది. న్యాయంగా, అవసరానికి తగ్గట్టు ఉన్న బాండు చెల్లుతుంది. అలాగని ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంజుకుని బీరువాలో పెట్టుకునే హక్కు బాండుతో రాదు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

అపోహ: 2010కి ముందు చేరాను, టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) నాకెందుకు?

ఒకటి నుంచి ఎనిమిది వరకు పాఠాలు చెప్పేవాళ్లకు 2025 సెప్టెంబర్ 1 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఈ ధీమా తీసేసింది. రిటైర్మెంట్‌కు ఐదేళ్లకు మించి ఉంటే తీర్పు తేదీ నుంచి రెండేళ్లలో పాసవ్వాలి. ఐదేళ్లలోపే ఉంటే కొనసాగొచ్చు, ప్రమోషన్ మాత్రం రాదు. మైనారిటీ సంస్థల విషయాన్ని ఆ తీర్పే పెద్ద ధర్మాసనానికి పంపింది. అది తేలేదాకా ఆ సంస్థల టీచర్లకు ఈ గడువు వర్తించదు.