తాగుడు మాన్పించే మాత్ర పప్పులో కలపొచ్చా? అపోహలు - వాస్తవాలు

మొన్న ఓపీలో ఒకావిడ కొంగు ముడి విప్పి, కాగితం పొట్లం నా బల్ల మీద పెట్టింది. లోపల తెల్లటి పొడి. తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రలు నూరింది.

"మూడు రోజులుగా పప్పులో కలుపుతున్నా మేడమ్. తాగుడు మీద అసహ్యం పుడుతుందన్నారు. రాత్రి మా ఆయన తాగొచ్చాడు. మొహం ఎర్రగా కందిపోయి ఒకటే వాంతులు. ప్రాణం పోతుందేమో అనుకున్నా."

అపోహ: తెలియకుండా ఇస్తేనే పనిచేస్తుంది.

వాస్తవం: తెలిస్తేనే పనిచేస్తుంది. మద్యం ఒంట్లో ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఈ మాత్ర అడ్డుకుంటుంది. విషం పేరుకుని గుండెదడ, ఆయాసం, వాంతులు వస్తాయి. బీపీ పడిపోయి చనిపోయినవాళ్లూ ఉన్నారు. ఈ సంగతి తెలిసిన మనిషి బెల్టు షాపు దగ్గర ఆగకుండా ఇంటికొస్తాడు. తెలియని మనిషి సరుకు కల్తీదనుకుని బ్రాండ్ మారుస్తాడు.

అపోహ: ఒక్కసారి నరకం చూస్తే మళ్ళీ ముట్టడు.

వాస్తవం: ఇది పాతకాలపు విముఖత చికిత్స, అంటే బాధపెట్టి అసహ్యం పుట్టించే పద్ధతి, ఆలోచన. 1930లలో అమెరికాలోని సియాటిల్‌లో వాంతి మందు ఇచ్చి, కడుపులో తిప్పే వేళకి విస్కీ తాగించేవారు. కరెంటు షాకులు ఇచ్చినవాళ్లూ ఉన్నారు. 1948లో డెన్మార్క్‌లోని కోపెన్‌హేగన్‌లో హాల్డ్, జాకబ్సన్ అనే పరిశోధకులు డైసల్ఫిరామ్ గుణాన్ని ప్రకటించాక, తొలిరోజుల్లో ఆస్పత్రిలోనే కాస్త మద్యం పోసి రియాక్షన్ చూపించేవారు. ఇప్పుడలా చేయం. ఇంట్లోవాళ్ళ కళ్ళెదుట రోజూ ఇష్టంగా మాత్ర వేసుకునే నా పేషెంట్లలో చాలామంది ఆ రియాక్షన్ ఎలా ఉంటుందో ఎరగరు. నేను కోరుకునేది అదే.

అపోహ: మాత్ర ఆపిన మర్నాడు తాగొచ్చు, కల్లయితే ఏమీ కాదు.

వాస్తవం: ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు. కల్లూ మద్యమే. కొన్ని దగ్గు సిరప్‌లలోనూ ఆల్కహాల్ ఉంటుంది.

అపోహ: ఎవరికైనా, ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు.

వాస్తవం: గుండె జబ్బు, సైకోసిస్ (లేనివి ఉన్నట్టు తోచే మానసిక జబ్బు), బాగా దెబ్బతిన్న లివర్ ఉంటే ఇవ్వం. రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి ఆపితే వణుకు, ఫిట్స్, మతి తప్పడం వంటివి రావచ్చు. ముందు వాటికి వైద్యం చేయాలి.

వారం తర్వాత ఆవిడ భర్తను వెంటబెట్టుకొచ్చింది. పప్పు సంగతి ఆవిడే చెప్పింది. ఆయన చాలాసేపు నోరు విప్పలేదు. ఈసీజీ బాగోలేదు, అందుకని ఈ మాత్ర జోలికి పోకుండా అడ్మిట్ చేసి, తర్వాత తాగాలన్న కోరికను తగ్గించే ఆకాంప్రోసేట్ అనే వేరే మందు మొదలుపెట్టాం.

మీరూ ఇలా కలుపుతుంటే ఈ రోజే ఆపండి. ఆయనకు చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అక్కర్లేదు.