వెండింగ్ రూట్ కొంటున్నారా? ధర మీద అపోహలు - వాస్తవాలు

వెండింగ్ రూట్ అంటే పలుచోట్ల పెట్టిన స్నాక్, సోడా మెషీన్లు, తిరిగి వాటిని నింపుకునే పని, అన్నీ కలిపి ఒక వ్యాపారం. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో అప్పుడప్పుడూ ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. "12 స్నాక్, సోడా మెషీన్ల రూట్ అమ్మకానికి ఉంది. నెలకు 5,000 డాలర్ల సేల్స్. వారానికి ఐదారు గంటల పని. ఓనర్ వేరే స్టేట్‌కి మారుతున్నారు." మర్నాటికల్లా నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, 60 వేలు చెప్తున్నాడు, ఇవ్వొచ్చా?"

ఇవ్వొచ్చో లేదో ఫోన్లో చెప్పలేను. ఎందుకంటే రూట్ మొత్తానికి కలిపి ఒక ధర అంటూ ఉండదు. ఒక్కో లొకేషన్‌కి విడిగా ధర కట్టాలి. ఓనర్ మారగానే చేజారిపోయేలా ఉన్నవాటిని కొట్టేయాలి. మిగిలినవి కూడుకుంటే వచ్చేదే ధర. అమ్మేవాళ్లు మాత్రం ఒక్క అంకె చెప్పి ఊరుకుంటారు. ఆ అంకె చుట్టూ నేను తరచూ వినే మాటలు, వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: ఏడాది సేల్స్ ఎంతో రూట్ ధర కూడా అంతే.

ఎక్కువమంది పడేది ఇక్కడే. పై మెసేజ్‌నే తీసుకుని లెక్క వేద్దాం. నెలకు 5,000 అంటే ఏడాదికి 60,000. చిప్స్, క్యాండీ, సోడా శామ్స్ క్లబ్‌లోనో కాస్ట్‌కోలోనో కొంటే, డేట్ అయిపోయి పారేసేవి కూడా కలుపుకుని దాదాపు సగం సరుకుకే పోతుంది. మిగిలింది 30,000. లొకేషన్ వాళ్లకిచ్చే కమీషన్ సగటున 8 శాతం వేసుకోండి, అది 4,800. సేల్స్‌లో 70 శాతం కార్డు మీద వస్తే, ప్రాసెసింగ్ 6 శాతం చొప్పున 2,520. కార్డ్ రీడర్‌కి నెలకు 9 డాలర్ల ఫీజు అనుకుంటే 12 మెషీన్లకు ఏడాదికి మరో 1,300. సేల్స్ టాక్స్ సుమారు 2,400. గ్యాస్, వ్యాన్ ఖర్చు 3,000. ఇన్సూరెన్స్, రిపేర్లు, స్టోరేజ్ యూనిట్ కలిపి 3,600. అన్నీ తీసేస్తే చేతిలో మిగిలేది 12,400 డాలర్లు. అది కూడా మీరే లోడ్ చేసుకుని, మీరే తిరిగితే. వారానికి పది గంటలకు ఒక మనిషిని గంటకు 18 డాలర్లకు పెట్టుకుంటే ఇంకో 9,360 పోయి మూడు వేలు మిగులుతుంది.

మూడు వేలు మిగిలే వ్యాపారానికి అరవై వేలు!

నేనైతే పని మనమే చేసుకుంటే ఏడాదికి మిగిలే మొత్తానికి ఒకటి నుంచి ఒకటిన్నర రెట్ల వరకు ధర కడతాను. రాతపూర్వక కాంట్రాక్టులు, మంచి మెషీన్లు, మూడేళ్ల శుభ్రమైన లెక్కలు ఉంటే రెండు రెట్ల దాకా వెళ్తాను. ఈ రూట్ నా లెక్కలో 12 నుంచి 19 వేల మధ్య ఉంటుంది. అమ్మేవాళ్లకి ఈ మాట నచ్చదు. నచ్చకపోతే పోనివ్వండి, డాలస్‌లో అమ్మకానికి ఉన్న రూట్ అదొక్కటే కాదు.

ఇక ఈ సగటు లెక్క కూడా మొదటి వడపోతే. 12 మెషీన్ల రూట్‌లో చాలాసార్లు రెండు మూడు చోట్ల నుంచే సగం సేల్స్ వస్తాయి. ఒక వేర్‌హౌస్ బ్రేక్ రూమ్, ఒక కార్ డీలర్‌షిప్ సర్వీస్ సెంటర్ లాంటివి. మిగతావి ఆటలో అరటిపండ్లు. నెలకు 120 డాలర్లు అమ్మే మెషీన్ని చూడండి. సరుకుకి 60, రీడర్ ఫీజు, ప్రాసెసింగ్ కలిపి 14, కమీషన్ పది, టాక్స్ ఐదు పోగా 30 డాలర్లు మిగులుతాయి. దానికోసం నెలకు రెండుసార్లు వెళ్లి రావాలి. అలాంటి లొకేషన్‌కి నేను కట్టే ధర సున్నా. అక్కడున్న మెషీన్‌కి మాత్రం సెకండ్ హ్యాండ్ ధరలోంచి తరలింపు ఖర్చు తీసేసి ఇస్తాను. అందుకే అమ్మేవాళ్లని మొదట అడగాల్సింది మెషీన్ వారీగా, నెల వారీగా 12 నెలల సేల్స్. "మొత్తంగా అయిదు వేలు వస్తాయండీ" అన్నది జవాబు కాదు.

అపోహ: క్యాష్ అంతా రిటర్న్స్‌లో చూపించరు. అసలు ఆదాయం కాగితం మీద ఉన్నదానికంటే చాలా ఎక్కువ.

చూపించని ఆదాయానికి నేను డబ్బు కట్టను, అంతే. ఐఆర్ఎస్‌కి ఒక మాట, కొనేవాడికి ఒక మాట చెప్పే మనిషి రెండింటిలో ఏది నిజం చెప్పాడో నాకెలా తెలుస్తుంది?

అయినా క్యాష్‌ని పట్టుకోవడం ఇప్పుడు కష్టమేమీ కాదు. కార్డుల ప్రాసెసర్ ఏటా ఇచ్చే 1099-కె ఫారం అడగండి. అందులో ఏడాది మొత్తమే కాకుండా జనవరి నుంచి డిసెంబర్ దాకా నెలల వారీ అంకెలు కూడా ఉంటాయి. ఏ నెలలో పడిపోయిందో కళ్లకు కనబడుతుంది. కార్డు సేల్స్ 24,000 ఉండి, మొత్తం 60,000 అంటున్నాడంటే అరవై శాతం క్యాష్ అన్నమాట. ఆఫీసుల్లో, అపార్ట్‌మెంట్ క్లబ్ హౌసుల్లో ఉన్న మెషీన్లకు ఈ రోజుల్లో అది నమ్మబుద్ధి కాదు. పైగా రీడర్‌ని డెక్స్ కేబుల్‌తో (మెషీన్ లోపలి అమ్మకాల లెక్కను రీడర్‌కి చేరవేసే వైరు) కలిపి ఉంటే క్యాష్ అమ్మకాలు కూడా ఆన్‌లైన్‌లో రికార్డ్ అవుతాయి. ఆ లాగిన్‌తో పక్కన కూర్చుని రిపోర్ట్ తీయించండి. స్క్రీన్‌షాట్లు వద్దు. శామ్స్ క్లబ్ అకౌంట్‌లో కొనుగోళ్ల చిట్టా కూడా ఉంటుంది. 60,000 అమ్మినవాడు ఏడాదిలో 14,000కే సరుకు కొని ఉంటే మిగతాది ఎక్కడ కొన్నాడో చెప్పాలి.

అపోహ: ఒకసారి అన్ని లొకేషన్లూ తిరిగి చూస్తే సరిపోతుంది. మెషీన్లు నిండుగా, మెరుస్తూ ఉన్నాయిగా.

పాడి గేదెను కొనేవాడు పొదుగు చూసి బేరమాడడు. ముందురోజు పాలు పిండకుండా తెచ్చి ఉండొచ్చని, రెండు పూటలా తన ముందే పిండించి చూసుకుంటాడు. ఇక్కడ చేయాల్సిందీ అదే.

మెషీన్ తలుపు తెరిచి లోపల ఉండే సర్వీస్ బటన్ నొక్కితే డిస్‌ప్లే మీద మొత్తం అమ్మకాల లెక్క వస్తుంది. ఎన్ని వస్తువులు పడ్డాయో, ఎన్ని డాలర్లు వచ్చాయో ఉంటుంది. రీసెట్ చేయగలిగే లెక్క ఒకటి, చేయలేనిది ఒకటి, చాలా మెషీన్లలో రెండూ ఉంటాయి. మీకు కావాల్సింది రెండోది. ప్రతి మెషీన్ దగ్గరా దాన్ని ఫోటో తీసుకోండి. రెండు వారాలాగి మళ్లీ తీసుకోండి. తేడాయే అసలు సేల్స్. కంట్రోల్ బోర్డు ఈమధ్యే మార్చి ఉంటే పాత లెక్క పోతుంది కాబట్టి అది కూడా అడగండి. రెండు వారాలు ఆగనని తొందరపెట్టే సెల్లర్‌కి నేను అక్కడే దణ్ణం పెట్టేస్తాను.

తలుపు ఎలాగూ తెరిచారు కాబట్టి ముందు వరసలో ఉన్న చిప్స్ ప్యాకెట్ల డేట్ చూడండి. చిప్స్‌కి డేట్ త్వరగా అయిపోతుంది. కాయిల్‌లో (ప్యాకెట్లను ముందుకు తోసే చుట్టల తీగ) అన్నిటికంటే ముందున్న ప్యాకెట్ డేట్ దాటిపోయిందంటే ఆ కాయిల్ వారాల తరబడి కదల్లేదు. ప్యాకెట్ పైఅంచు మీద వేలితో రాస్తే దుమ్ము అంటుకుంటే ఇక చెప్పక్కర్లేదు. నలిగిన ఒక డాలర్ నోటు, ఒక ఐదు డాలర్ల నోటు కూడా పెట్టి చూడండి. నోట్లు తీసుకునే బిల్ వాలిడేటర్ రెండింటినీ ఉమ్మేస్తుంటే బాగుచేయించడమో మార్చడమో మీ నెత్తినే పడుతుంది.

అపోహ: లొకేషన్లు పోయినా మెషీన్లు ఉంటాయిగా, వాటి ఖరీదే 40 వేలు.

కొత్తవి కొన్నప్పుడు అంత పెట్టి ఉండొచ్చు. స్నాక్ మెషీన్ ఒక్కోటి సుమారు 300 కిలోలు. లొకేషన్ నుంచి పీకించి స్టోరేజ్‌కి చేర్చాలంటే లిఫ్ట్‌గేట్ ట్రక్కు, ప్యాలెట్ జాక్, ఇద్దరు మనుషులు కావాలి. చోటు లేకుండా గ్యారేజ్‌లో ఉన్న మెషీన్ ఆస్తి కాదు, అడ్డం.

వయసు కూడా చూడాలి. బాగా పాత మెషీన్లలో ఎండీబీ కనెక్షన్ (రీడర్‌ని మెషీన్ బోర్డుకి కలిపేది) ఉండదు కాబట్టి కార్డ్ రీడర్ పెట్టాలంటే బోర్డులు మార్చాలి. రీడర్ ఉందని మురిసిపోవద్దు, వెలుగుతోందో లేదో చూడండి. 2022 ఫిబ్రవరిలో ఏటీ అండ్ టీ, ఆ ఏడాది చివరికల్లా వెరిజాన్ 3జీ ఆపేశాయి. ఆ నెట్‌వర్క్ మీద నడిచిన పాత రీడర్లు అలంకారంగా మిగిలిపోయాయి. సోడా మెషీన్ కంప్రెసర్ దగ్గర స్టిక్కర్ మీద ఆర్-12 అని ఉంటే అది 1995తో అమెరికాలో తయారీ ఆగిపోయిన, చల్లబరిచే గ్యాస్. ఆ మెషీన్‌కి నేను ధర కట్టను.

అన్నిటికంటే ముఖ్యం, అసలు ఆ మెషీన్ ఎవరిది? కోక్, పెప్సీ బొమ్మలున్న సోడా మెషీన్లు చాలాచోట్ల బాట్లర్ కంపెనీవే (సోడా నింపి సరఫరా చేసేవాళ్లవి). తమ దగ్గరే సరుకు కొనాలన్న షరతుతో వాడుకోవడానికి ఇస్తారు. ఆస్తి నంబర్ స్టిక్కర్ వెనకో పక్కనో ఉంటుంది. అమ్మేవాళ్లు మోసం చేయాలనే చేర్చనక్కర్లేదు, ఏళ్ల తరబడి నింపుతూ తమదే అనుకుంటారు. సీరియల్ నంబర్లన్నీ జాబితాగా రాయించి, సెక్రటరీ ఆఫ్ స్టేట్ దగ్గర సెల్లర్ పేరు మీద యూసీసీ (వ్యాపార ఆస్తుల తాకట్ల రికార్డు) వెతికించండి. మెషీన్లు తాకట్టులో ఉంటే అప్పు ఇచ్చినవాడు మీ దగ్గరికే వస్తాడు.

అపోహ: కాంట్రాక్టులు ఉన్నాయి కాబట్టి లొకేషన్లు పోవు.

ఆ కాంట్రాక్టు తెరిచి రెండు చోట్ల చూడండి. ఇంకొకరికి బదిలీ చేయొచ్చని ఉందా? ఎన్ని రోజుల నోటీసుతో రద్దు చేసుకోవచ్చు? చాలావాటిలో 30 రోజుల నోటీసు చాలు. కొన్నింటికి కాంట్రాక్టే ఉండదు, మేనేజర్‌తో పరిచయం మాత్రమే. ఆ మేనేజర్ పరిచయం మీకు అమ్ముడుపోదు. అందుకే సంతకాలకు ముందే పెద్ద లొకేషన్లలో మేనేజర్‌ని కలిసి "మేం తీసుకుంటున్నాం, మీకు అభ్యంతరం లేదు కదా" అని రాతలో తీసుకోవాలి. సెల్లర్ వద్దంటే, ఆ లొకేషన్ ఖరీదు చివరి వాయిదాలోకి తోసేయండి.

కొన్ని చోట్లు ప్రత్యేకం. ఫెడరల్ భవనాల్లో వెండింగ్‌కి 1936 నాటి రాండాల్ఫ్-షెపర్డ్ చట్టం కింద లైసెన్స్ ఉన్న అంధులకు ప్రాధాన్యం ఉంటుంది. అలాంటి చోటు జాబితాలో ఉంటే అది అమ్మడానికి సెల్లర్‌కి హక్కుందా అన్నది మొదట తేలాలి. స్కూళ్లలో పిల్లలకు బడివేళల్లో అమ్మే వాటికి 2014 నుంచి స్మార్ట్ స్నాక్స్ అనే పోషకాహార నియమాలున్నాయి. పైగా ఎండాకాలం రెండు నెలలు మూత. మే నెల సేల్స్‌ని 12తో హెచ్చవేసి చూపిస్తే ఒప్పుకోకండి. ఆఫీసు భవనాలకైతే కోవిడ్‌కి ముందటి 2019 లెక్కలు పనికిరావు. సోమ, శుక్రవారాల్లో పార్కింగ్ లాట్‌లో ఎన్ని కార్లున్నాయో వెళ్లి చూసి రండి.

అపోహ: పాత టాక్స్ బాకీలు సెల్లర్ తలనొప్పి.

టెక్సస్‌లో కాదు. వ్యాపారాన్ని కొన్నవాళ్లు పాత ఓనర్ కట్టని సేల్స్ టాక్స్‌కి కూడా బాధ్యులవుతారు, కొన్న ధర మేరకు. దీనికి మందు, రాష్ట్ర పన్నులు చూసే కంప్ట్రోలర్ ఆఫీసు నుంచి "నో టాక్స్ డ్యూ" సర్టిఫికెట్ తెప్పించడం. అది వచ్చేదాకా సరిపడా డబ్బు ఆపి పెట్టుకోండి.

ధరలో మెషీన్లకెంత, గుడ్‌విల్‌కెంత (అంటే లొకేషన్లకీ, నడుస్తున్న వ్యాపారానికీ కట్టేది) అన్నది కూడా కాగితం మీద పెట్టాలి. ఇద్దరూ ఐఆర్ఎస్ ఫారం 8594లో అదే చూపాలి. గుడ్‌విల్‌ని 15 ఏళ్ల మీద ఖర్చుగా రాసుకోవాలి, మెషీన్ల ఖర్చు అంతకంటే చాలా త్వరగా తీసుకోవచ్చు. కాబట్టి ఈ పంపకం మీ జేబుకి సంబంధించినదే, మీ సీపీఏని ముందే కూర్చోబెట్టండి. ఇంకొకటి: మీ చేతిలో మెషీన్లు 20కి చేరితే ఎఫ్‌డీఏ క్యాలరీల లేబుల్ నియమం మీకూ వర్తిస్తుంది. మీ దగ్గర ముందే ఎనిమిది ఉంటే, ఈ 12 కలిపితే సరిగ్గా 20.

అపోహ: మొత్తం ఒకేసారి ఇస్తే బేరం బాగా కుదురుతుంది.

రెండు వేలు తగ్గించుకోవడానికి ఉన్న పట్టంతా వదులుకోవడమే అది. డెబ్బై శాతం ఇచ్చి, మిగతా ముప్పై 90 రోజుల తర్వాత అనండి. ఆలోపు ఏ లొకేషన్ పోతే దాని ధర అందులోంచి తగ్గించాలి. మెషీన్ వారీగా ధర ముందే రాసుకున్నాం కాబట్టి ఇక్కడ గొడవ ఉండదు. "పోవు, నాదీ పూచీ" అన్న సెల్లర్ ఈ షరతుకి ఒప్పుకోకపోతే ఆ పూచీ విలువ ఎంతో అర్థమైనట్టే.

అపోహ: ఇది పాసివ్ ఇన్‌కమ్, హెచ్-1బీ మీద ఉన్నా చేసుకోవచ్చు.

పెట్టుబడి పెట్టి ఓనర్‌గా ఉండటం వేరు, వీకెండ్‌లో వెళ్లి మెషీన్లు నింపడం వేరు. రెండోది పని. హెచ్-1బీ ఇచ్చిన కంపెనీలో తప్ప ఇంకెక్కడా పని చేయడానికి ఆ వీసా ఒప్పుకోదు, సొంత మెషీన్లయినా సరే. హెచ్-4 ఈఏడీ (పని అనుమతి కార్డు) ఉన్న భార్యో భర్తో, ఎల్-2 స్పౌజో చేయొచ్చు. కాగితాలు ఎవరి పేరు మీద, పని ఎవరు చేస్తారు అన్నది ముందే ఇమ్మిగ్రేషన్ లాయర్‌తో తేల్చుకోండి.

దీనికీ ధరకీ సంబంధం ఉంది. ఇంట్లో పని చేయగలిగినవాళ్లు లేకపోతే మనిషిని పెట్టుకోవాలి. అప్పుడు మొదటి లెక్కలో 12,400 కాదు, మూడు వేలే మీది. అదే రూట్, పక్కింటి గ్రీన్ కార్డ్ ఆయనకి 18 వేలు చేయొచ్చు. మీకైతే మెషీన్లను సెకండ్ హ్యాండ్‌లో అమ్మితే ఎంతొస్తుందో అంతకు మించి ఒక్క డాలర్ కూడా ఎక్కువ చేయదు.